బొడ్రాయి మీద మొదటి చెయ్యి

తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు లడ్డూ పంచుతారు, కాశీ వెళ్లొచ్చినవాళ్లు గంగ పంచుతారు. నేను నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా నల్లమడుగుపల్లె దాకా వెళ్లి మూడు రోజులుండి వచ్చాను. అక్కడినుంచి తెచ్చిందల్లా ఒక ఫొటో. అది చూపించి ఊరుకుందామనుకున్నాను గానీ, ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. అంటే మా ఆయనది తెనాలి. మా నాన్న ఓబులేసుగారు చిన్నప్పుడే వాళ్ల నాన్న వెంట నల్లమడుగుపల్లె వదిలి కోస్తాకు వచ్చేశారు. ఇక్కడే చదివి, ఇక్కడే లెక్కల మాస్టారుగా పనిచేసి, ఇక్కడే పోయారు. పోయేదాకా ఆయనది ఒకటే మాట. "ఆ ఊరు కట్టింది మనమే. కంప కొట్టి, పొలాలు చేసి, బొడ్రాయి పాతింది మా తాత." ఈ మాటకు మా ఇంట్లో వీసమెత్తు విలువ ఉండేది కాదు. "మామగారూ, ఊరే కట్టినవాళ్లు ఊళ్లో గజం స్థలమైనా ఉంచుకోకుండా ఎలా వచ్చేశారండీ?" అని మా ఆయన పండక్కీ పబ్బానికీ అడిగేవాడు. నాన్న నవ్వేసేవారు గానీ ఆ పూట అన్నం సరిగా తినేవారు కాదు. ఆయన పోయి రెండేళ్లయింది. నేను ఒక్కతే కూతుర్ని.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. బొడ్రాయి అంటే ఊరు కట్టేటప్పుడు నడిమధ్య పాతే రాయి, ఊరికి బొడ్డులాంటిది. నల్లమడుగుపల్లె బొడ్రాయి సిమెంటు రోడ్డు కింద పడిపోయింది. ఒకసారి రోడ్డు వేసినప్పుడు సగం మునిగిందట, రెండోసారి వేసినప్పుడు మొత్తం మునిగిందట. దాన్ని తీసి కొత్తది పెట్టాలని ఊరు అనుకోవడం, నాకు ఫోను రావడం జరిగాయి.

"మేడింటి సుబ్బారెడ్డిని మాట్లాడతాండా తల్లీ. పాత రాయి మీద మొదటి చెయ్యి ఊరు కట్టినోళ్లది పడల్ల. ఆ ఇంటి మనిషివి నువ్వొక్కదానివే ఉండావు. నువ్వొచ్చి చెయ్యేస్తివంటే కొత్త రాయి మీద మొదటి పేరు మీ నాయనది చెక్కిస్తాం."

ఫోను పెట్టేసి నేను ఏడ్చాను. మా ఆయన మాత్రం "భోజనాలు పెడతారటా?" అని అడిగాడు.

నంద్యాలలో శెట్టిగారు

గుంటూరు నుంచి నల్లమల అడవిలోంచి వెళ్లే రైలు ఎక్కండి, ఆ సొరంగాలూ ఆ కొండలూ చూడటానికైనా ఎక్కండి. నేను మాత్రం దారంతా పక్కసీటావిడకు మా వంశచరిత్ర చెబుతూ ఏమీ చూడలేదు. ఆవిడ గిద్దలూరులో దిగిపోయింది. టికెట్టు నంద్యాలకే ఉందని ముందు చెప్పినట్టు గుర్తు.

నంద్యాలలో మొదటి పని ఉగ్గాని తినడం. మరమరాల్ని నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. రెండూ కలిపి నలభై రూపాయలు. మా తెనాలిలో మరమరాలు పిల్లలకు సాయంత్రం పెట్టే చిరుతిండి. ఇక్కడ పొద్దున్నే పెద్దమనుషులు చొక్కా మడతలు నలక్కుండా కూర్చుని గంభీరంగా తింటున్నారు. బజ్జీలో మిరపకాయ గింజలు తీయరన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. కళ్లు తుడుచుకుంటూ పూజ సామాను కొనడానికి బజారులోని ఒక శెట్టిగారి దుకాణానికి వెళ్లాను.

"ఎందుకమ్మా ఏడుస్తాండావు?" అన్నాడు శెట్టిగారు.

"బజ్జీ అండీ" అన్నాను. పసుపు, కుంకుమ, ఐదు టెంకాయలు కావాలని, నల్లమడుగుపల్లె బొడ్రాయికని చెప్పాను.

"ఓ, ఆ ఊరా. రాయి తీస్తాండారని ఇన్యాం. మొదటి చెయ్యి యెవురేస్తాండారంట?"

"నేనేనండీ" అన్నాను, కాస్త నిటారుగా నిలబడి.

పొట్లం కడుతున్న ఆయన చేతులు ఆగిపోయాయి. నన్ను ఎగాదిగా చూశాడు. "పిల్లలు యెంతమంది తల్లీ? పెండ్లిండ్లు అయిపోయినాయా?" అని అడిగాడు. ఇద్దరని, అయిపోయాయని చెప్పాను. "ఇంగేం మరి" అని పొట్లం నా చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. "ఉండనీలేమ్మా" అన్నాడు. అరవై ఏళ్ల నా జీవితంలో డబ్బులు వద్దన్న వ్యాపారిని చూడటం అదే మొదలు. నాకు భయం పట్టుకుంది. ఏమిటో చెప్పమని కూర్చున్నాను.

"ఏముంది. పాతేసిన బొడ్రాయి పైకి తీసేటప్పుడు మొదట యెవురు చెయ్యేస్తే వాళ్లు ఏడాది తిరక్కుండా పోతారంటారు. ఉత్త మాటేలే" అన్నాడు. ఉత్త మాటయితే నా డబ్బులు తీసుకోమన్నాను. అప్పుడు కూడా తీసుకోలేదు.

మా ఆయనకు ఫోను చేశాను. అంతా విని, "పోతే పోతావు గానీ, మీ నాన్న చెప్పింది నిజమో కాదో తేల్చుకునే పో" అన్నాడు. నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. మంగళవారం గోళ్లు తీసుకోను, అది వేరే సంగతి. అయినా తిరుగు రైలు ఎన్నింటికో అడిగి తెలుసుకున్నాను. తర్వాత నాన్న అన్నం వదిలేసి లేచిన పూటలు గుర్తొచ్చి, ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో ఖాళీ వరస

ఆళ్లగడ్డలో దారికి రెండువైపులా దేవుళ్లు నిలబడి ఉంటారు. శిల్పుల షెడ్లవి. ముక్కు చెక్కని వినాయకుడు, చేతులు రావలసిన అమ్మవారు, దేశనాయకులు, పక్కనే ఎవరో రైతు దంపతులు, అందరూ ఒకే దుమ్ములో ఒకే ఎండలో వరసగా ఉంటారు. మన రాయి చెక్కుతున్న శిల్పి పేరు బ్రహ్మయ్యాచారి. మాటకూ మాటకూ మధ్య ఉలి దెబ్బలు నాలుగు పడేవి.

రాయి బాగుంది. నల్లరాయి, నడుమెత్తు. మీద ఒక వరస ఖాళీ. దాని కింద ఎడమపక్క "మేడింటివారు", కుడిపక్క "బావింటివారు" అని చెక్కి ఉంది. ఊళ్లో పొలాలన్నీ ఈ రెండిళ్ల చేతుల్లోనే ఉన్నాయని, ఇద్దరిలో ఎవరి పేరు పైన ఉండాలో తేలక ఒకే వరసలో పెట్టించారని బ్రహ్మయ్యాచారి చెప్పాడు. ఇద్దరూ చెరో తాడు తెచ్చి కొలుచుకుని పోయారట. బావింటివారి తాడు తడిసి కాస్త సాగింది కాబట్టి మళ్లీ కొలవాలని కబురు చేశారట.

"ఈ ఖాళీ మా నాన్నకా?" అన్నాను.

"చెయ్యి పడినంక చెక్కమన్నారమ్మా. ముందే చెక్కి, మీరు పారిపోతే రాయి దండగ గదా" అన్నాడు ఆయన, నాలుగు దెబ్బలు కొట్టి. "అక్షరానికి ఇంతని మాట్లాడుకున్నాం. ఓబులేసంటే నాలుగక్షరాలే. వాళ్లకు అది నచ్చింది."

ఆ ఖాళీ వరస మీద వేలితో నాన్న పేరు రాసి చూసుకున్నాను. రాతిపొడిలో ఓబులేసు అని పడింది. ఈ వయసులో ఇలాంటి పని చేసినందుకు సిగ్గేసి తుడిచేశాను.

రెండిళ్ల భోజనం

ఆటోలో నల్లమడుగుపల్లె చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. చుట్టూ నల్లరేగడి, ఒకవైపు వరి, ఒకవైపు శనగ. ఊరి మొదట్లోనే డప్పులు, నా మెడలో దండ. దండ వేసింది మేడింటి సుబ్బారెడ్డిగారు, డెబ్బై దాటిన మనిషి. రెండో దండ వేసింది బావింటి ఓబుళరెడ్డిగారు, ఆయనకు వియ్యంకుడు, శత్రువు. ఈ ఊరికి ముందు వచ్చింది మేమంటే మేమని ఈ రెండిళ్లూ తాతల నాటినుంచి నంద్యాల కోర్టు మెట్లు అరగదీశాయి. జాతరలో మొదటి తాంబూలం ఎవరికివ్వాలన్నది తగాదా. ఆ తగాదా తీరక ఎన్నో ఏళ్లుగా జాతరలో ఎవరికీ తాంబూలం లేదు.

భోజనం ఇద్దరింట్లోనూ చెయ్యాలన్నారు. మొదట మేడింట్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు. ముద్ద చూసి నేను బెదిరిపోయాను. మా వైపు నలుగురికి సరిపోయేది ఒక విస్తట్లో ఉంది. ఆ తర్వాత బావింట్లో ఓళిగలు. మా బొబ్బట్లకు అక్కలు, ఒక్కొక్కటి పళ్లెమంత. వద్దంటే "తిను తల్లీ, మళ్లీ యెప్పుడొస్తావో" అంటున్నారు. ఆ మాట నంద్యాలకు ముందు విని ఉంటే ప్రేమ అనుకునేదాన్ని.

ఓళిగ తింటుండగానే అడిగేశాను. "మొదటి చెయ్యి వేసినవాళ్లు పోతారట కదా?"

ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి నీళ్లు తాగారు.

"అట్ల యేం లేదమ్మా" అన్నాడు సుబ్బారెడ్డిగారు. "మాకు ఆ హక్కు లేదు గాబట్టి నిన్ను పిలిపిచ్చినాం. మేమేడ మొదటోళ్లం? వీళ్ల తాతలు వచ్చిన యెన్నేండ్లకో వచ్చినోళ్లం."

"ఏందప్పా నువ్వు చెప్పేది" అన్నాడు ఓబుళరెడ్డిగారు. "మా తాత వచ్చేతలికే మీ మేడ లేసిండె. మీరే ముందు."

"మేడ మా మామ కట్టింది. మేం ఆఖర్న వచ్చినాం."

"మరి కోర్టు కాగితాల్లో మీరే మొదలని యెందుకు రాయిస్తివి?"

"అది లాయరు రాసిండేది. నాకు సదువొచ్చునా?"

సుబ్బారెడ్డిగారు డిగ్రీ చదివారని ఆయన వరండాలో పటం ఉంది. తాతల నాటినుంచి మేమే ముందని కొట్టుకున్నవాళ్లు నా విస్తరి ముందు కూర్చుని, మీరే ముందంటే మీరే ముందని కొట్టుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుకలు తెనాలి నుంచి మనిషిని పిలిపించుకున్నాయి.

"ఆడపిల్లని కదా, నేను వంశంలోకి వస్తానా?" అని చివరి ప్రయత్నం చేశాను.

"ఆడపిల్లయితే యేంది తల్లీ? ఇప్పుడు చట్టంలో గూడా సమానమే" అన్నారు ఇద్దరూ. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఓళిగల మీద నెయ్యి వేయడానికి వచ్చిన ఓబుళరెడ్డిగారి భార్య లక్ష్మమ్మగారు, ఎవరికో కాకుండా నేతిగిన్నెకు చెప్పినట్టు అంది. "మా ఆడబిడ్డలు ముగ్గురికీ సెంటు భూమి ఇయ్యలేదు. ఈమెకు ఊరే ఇస్తాండారు."

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు ఆమెను పట్టుకున్నాను. "అక్కా, నిజం చెప్పండి. మా ముత్తాతేనా ఈ ఊరు కట్టింది?"

చెంబుతో నీళ్లు పోస్తూ ఆమె నన్ను జాలిగా చూసింది. "మొదట యెవురొచ్చినారో యెవురికి యెరికమ్మా? ఊరిడిసి పోయినోళ్లను మొదటోళ్లంటాం. ఈడ ఉండేటోళ్లను అంటే కొట్లాట గదా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఈసారి బజ్జీ మీద నెపం పెట్టడానికి కూడా లేదు. నాన్న నమ్మకమంతా ఇంతేనా అనిపించింది. అయితే మా ముత్తాత కాదని కూడా ఆమె చెప్పలేదు కదా అని ఇంకో పక్కనుంచి మనసు వాదించింది. వెళ్లిపోదామా అనుకున్నాను. వెళితే ఆ వరస ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది. ఉండిపోయాను.

పొలిమేర కట్టు

మూడోరోజు తెల్లవారగానే పొలిమేర కట్టారు. అంటే ఊరి చుట్టూ నీళ్లు, బియ్యం చల్లి, వేపమండలు అడ్డం కట్టి, కొత్త రాయి నిలబడేదాకా ఎవరూ ఊరు దాటకూడదని, బయటివాళ్లు లోపలికి రాకూడదని కట్టడి చేశారు. పాలవ్యాను అవతల హారన్ కొడుతోంది. ఇవతల పాలక్యాన్ల దగ్గర మనుషులు. మధ్యలో ఒక వేపమండ. ఆఖరికి వ్యానులోంచి ఒక గొట్టం విసిరి, క్యానులో పాలు గొట్టంలో పోశారు. పాలు దాటవచ్చట, మనుషులే దాటకూడదట.

రోడ్డు తవ్వడానికి ముందురోజే జేసీబీని లోపలికి తెచ్చి ఉంచారు. డ్రైవరు అప్పలస్వామి, శ్రీకాకుళం జిల్లావాడు, నలభై అయిదేళ్లుంటాయి. బ్రహ్మయ్యాచారి కూడా ముందురోజు రాత్రే కొత్త రాయితో, ఉలితో వచ్చేశాడు, ఇప్పుడు పక్కన కూర్చున్నాడు. రాయి సరిగ్గా ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు. మా గుమ్మానికి ఎదురుగా అని మొన్నటిదాకా పోట్లాడుకున్న రెండిళ్లవాళ్లూ, ఇప్పుడు మీ గుమ్మానికే ఎదురుగా అని పోట్లాడుకున్నారు. మూడు చోట్ల తవ్వారు. ఒకచోట నీళ్ల పైపు పగిలి వీధంతా బురదయింది. నాలుగోచోట బకెట్టు దేన్నో తాకి ఖంగుమంది.

డప్పులు ఆగిపోయాయి. నా రెండు చేతులకూ లక్ష్మమ్మగారు పసుపు రాసి ఉంచింది. "పో తల్లీ" అన్నాడు సుబ్బారెడ్డిగారు. అని తాను టెంకాయ వెతుక్కోవడానికి వెళ్లాడు. ఓబుళరెడ్డిగారికి ఫోనొచ్చింది. అది మోగగా నేను వినలేదు. ఊరంతటికీ ఒకేసారి దాహమేసింది.

ఉన్నమాట రాస్తాను. నా కాలు కదల్లేదు. నాన్న గురించి ఇంత ఆలోచించి ఇంత దూరం వచ్చినదాన్ని, నాలుగడుగుల దూరంలో రాయి పెట్టుకుని, మనవరాలి బారసాల ఎప్పుడా అని లెక్క వేసుకుంటూ నిలబడిపోయాను.

అప్పుడు అప్పలస్వామి బండి ఆపి, గుంతలోకి దిగి, రెండు చేతులూ రాతి కింద పెట్టి ఒక్క ఊపున పైకెత్తి గట్టున పెట్టాడు. తన సీసాలో నీళ్లు పోసి కడిగాడు. రాయి నున్నగా ఉంది, దాని మీద ఒక్క అక్షరం లేదు. "ఇదేనా అండీ?" అన్నాడు.

బతికిపోయాను అనుకున్నాను. నాకు మొదట కలిగింది అదే. తర్వాత ఆ మనిషికి ఏమీ తెలియదు పాపం అనిపించి, దగ్గరకు వెళ్లి మెల్లిగా సంగతి చెప్పాను.

అప్పలస్వామి చేతులు దులుపుకుంటూ నవ్వాడు. "అలగైతే నాను ఈపాటికి నలభైమాట్లు సచ్చిపోవాల కదండమ్మా. ఈ సుట్టుపక్కల రాళ్లన్నీ నానే తీసినాను. సరిగ్గా రాయి అగుపడీసరికి ఊరోళ్లకి దాహమేస్తాదండి. నాకు అలవాటే."

ఈలోగా టెంకాయ దొరికింది, ఫోను అయిపోయింది, దాహాలు తీరాయి. పెద్దమనుషులు గుంత చుట్టూ చేరి పంచాయితీ పెట్టారు. మిషను ఎత్తింది కాబట్టి అది చెయ్యి కాదన్నారు. చేత్తోనే ఎత్తాడని బ్రహ్మయ్యాచారి అన్నాడు. అయితే పరాయి ఊరివాడి చెయ్యి చెయ్యి కాదన్నారు. మరి గండం ఎవరికి అని లక్ష్మమ్మగారు అడిగింది. గండం ఎత్తినవాడికే పోతుందని, పేరు ఊరు కట్టినవాళ్లకే వస్తుందని రెండిళ్లూ ఏకగ్రీవంగా తీర్మానించాయి.

"పేరు చెప్పండమ్మా, చెక్కుతా" అన్నాడు బ్రహ్మయ్యాచారి.

"ఆయన పేరు చెక్కండి" అన్నాను అప్పలస్వామిని చూపించి. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

అప్పలస్వామి కంగారుపడ్డాడు. "వద్దండమ్మా బాబూ. మా ఊళ్లోనే నాకు సెంటు బూవి లేదు. ఈడ రాయి మీద పేరెట్టుకున్నానని తెలిస్తే మా ఆడది నవ్విపోద్ది. మీ నాన్నగారిది ఎట్టించీయండి."

ఇంకోసారి అడగాల్సింది. ఆయన పేరేనని పట్టుపట్టాల్సింది. బ్రహ్మయ్యాచారి ఉలి పట్టుకుని చూస్తున్నాడు, ఎండ ముదురుతోంది, అవతల పాలవ్యాను మళ్లీ కూస్తోంది.

"ఓబులేసు" అన్నాను.

నాలుగక్షరాలు చెక్కడానికి అట్టే సేపు పట్టలేదు. కొత్త రాయిని చేత్తో పట్టి గుంతలో దించింది కూడా అప్పలస్వామే. డప్పులు మోగాయి, టెంకాయలు పగిలాయి, వేపమండలు తీసేశారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఊళ్లో మొదటి తాంబూలం ఇచ్చారు, అది నాకిచ్చారు. రాయి మీద చెయ్యి పెట్టి నిలబడితే సుబ్బారెడ్డిగారు నా ఫోనుతో ఫొటో తీశారు. తాంబూలంలో సగం అప్పలస్వామికి ఇద్దామని చూశాను. ఆయన అప్పటికే ఇంకో ఊరికి వెళ్లాలని గబగబా బండి తిప్పుకుంటున్నాడు.

తెనాలి

ఇంటికి వచ్చాక ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టాను. మా ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. నాన్న పేరు చదివాడు. "మామగారి మాట నిజమేనన్నమాట" అన్నాడు. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో ఆయన నోట నేను ఎదురుచూసిన మాట అది. నాన్న వినడానికి లేరని ఏడుపొచ్చింది.

మా ఆయన ఇంకా ఫొటో చూస్తూనే ఉన్నాడు. నాన్న పేరు పక్కనే నల్లమట్టితో ఐదు వేళ్లూ అచ్చుపడినట్టు పెద్ద చెయ్యి ఒకటి ఉంది. నా చెయ్యి దానిలో సగం కూడా ఉండదు.

"ఈ ముద్ర నీదేనా?" అన్నాడు.

"నాదే" అన్నాను.